జారే మాటలు, తిరిగే మాటలు: ఆంగ్ల క్రియల్లో ధ్వని చేసే పని

సంపాదకులకు నమస్కారం.

ఆంగ్ల పదజాలం నేర్పే పత్రికా శీర్షికల్లో, మీ పత్రిక శీర్షికతో సహా, ఒక పట్టిక తరచుగా కనిపిస్తోంది. ఎస్, ఎల్ అక్షరాలతో మొదలైన మాట జారడాన్ని చెబుతుందట. ఎఫ్, ఎల్‌తో మొదలైతే ఎగరడం, టి, డబ్ల్యూతో మొదలైతే మెలితిరగడం. ఇది పట్టుకుంటే తెలియని మాటకు కూడా అర్థం ఊహించవచ్చని చివర ఒక హామీ. ఆ పట్టికలో ఉన్నది అబద్ధం కాదు. కానీ దాన్ని ఎక్కాల పుస్తకంలా అచ్చువేస్తే, 'స్లీప్' అన్నప్పుడు ఎవరు ఎక్కడ జారారని పాఠకుడు అడుగుతాడు. జవాబు దొరక్కపోతే మొత్తం విషయాన్నే కొట్టిపారేస్తాడు. ధ్వనిశాస్త్రం బోధించేవాళ్లుగా మాకు ఈ రెండూ నష్టంగానే తోస్తున్నాయి. అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగైనా.

ఇది కొత్తగా ఎవరో కనిపెట్టిన చిట్కా కాదు. ప్లేటో రాసిన ఒక సంవాదంలో సోక్రటీస్, 'ర' పలికేటప్పుడు నాలుక అన్నిటికన్నా ఎక్కువగా అదురుతుంది కనుక కదలికను చెప్పే మాటల్లో ఆ ధ్వనిని వాడారనీ, 'ల' పలికేటప్పుడు నాలుక జారుతుంది కనుక నునుపైన వాటికి దాన్ని వాడారనీ వాదిస్తాడు. తర్వాత తన వాదాన్ని తానే అనుమానిస్తాడు కూడా. ఆంగ్లానికి సంబంధించి ఈ పనిని వరసపెట్టి చేసినవాడు జాన్ వాలిస్. గణితజ్ఞుడిగా పేరున్న ఈయన 1653లో లాటిన్‌లో రాసిన ఆంగ్ల వ్యాకరణంలో ఏ హల్లుల గుంపు ఎలాంటి భావం వైపు మొగ్గుతుందో జాబితాలిచ్చాడు. 1930లో బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫర్త్ ఇలాంటి ధ్వనిగుంపుకు 'ఫోనెస్తీమ్' అని పేరు పెట్టాడు. అంతకుముందు 1919 నుంచి 1928 దాకా ఆయన లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఆంగ్లాచార్యుడు. 1933లో అమెరికన్ భాషాశాస్త్రవేత్త లెనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ మాట మొదటి ముక్కనూ చివరి ముక్కనూ విడదీసి చూపించాడు. 'జంప్', 'జిగ్' మాటల్లోని 'జ' కిందికీ మీదికీ కదలడం. 'డ్యాష్', 'క్రాష్' చివరి 'యాష్' బలంగా విసురుగా కదలడం. 'బౌన్స్', 'పౌన్స్' చివరి 'ఔన్స్' చురుకైన కదలిక. 'బంప్', 'థంప్', 'స్లంప్' చివరి 'అంప్' మొద్దుగా, బరువుగా పడటం. 'స్కాటర్', 'షాటర్' చివరి 'ఆటర్' ముక్కలు ముక్కలుగా చెదరడం. మీ పట్టికలన్నీ తెలిసో తెలియకో ఆ 1933 నాటి పట్టికకు వారసులే. పోతూపోతూ దాని షరతులు రాలిపోయాయి, అంతే.

అసలు ఆంగ్ల క్రియలోనే ఈ వ్యవహారం ఇంత ఎక్కువగా ఎందుకుంది? తెలుగువాళ్లు తమ భాషతో పోల్చుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. మనం కదలికకు ఒక సాదా క్రియ వాడి, ఆ కదలిక తీరును బయట పెడతాం. పాము జరజరా పాకింది, బొంగరం గిరగిరా తిరిగింది, జెండా రెపరెప లాడింది, గద్ద రివ్వున వాలింది. తీరు చెప్పే పని అనుకరణ పదానిది, క్రియ మామూలుదే. ఆంగ్లం ఆ తీరును క్రియ లోపలికే నెట్టేస్తుంది. 'స్లిదర్' అంటే జరజరా పాకడం, 'ట్వర్ల్' అంటే గిరగిరా తిప్పడం, 'ఫ్లటర్' అంటే రెపరెపలాడటం, 'స్వూప్' అంటే రివ్వున వాలడం. మన దగ్గర రెండు మాటలు పంచుకునే బరువును అక్కడ ఒకే మాట మోస్తుంది కనుక, ఆ మాట ధ్వనిలోనే తీరు దాగి ఉంటుంది. తెలుగులో గిరగిర అనే మాటను ఎవరూ 'ఇది ధ్వన్యనుకరణ' అని ప్రత్యేకంగా రుజువు చేయనక్కర్లేదు, వింటే తెలిసిపోతుంది. ఆంగ్లంలో అది మామూలు క్రియ వేషంలో ఉంటుంది కనుక పట్టిక అవసరమవుతోంది.

పోలిక ఇంకొంచెం ముందుకు సాగుతుంది. తెలుగులో ఒక్కసారి జరిగి ఆగిపోయే కదలికకు ఒక రూపం, ఆగకుండా సాగేదానికి ఇంకో రూపం ఉన్నాయి. తళుక్కున మెరిసింది అంటే ఒక్కసారే. తళతళ మెరిసింది అంటే మెరుస్తూనే ఉంది. జర్రున జారాడు, జరజరా పాకాడు; చటుక్కున, గబుక్కున, ఠక్కున అన్నింట్లోనూ ద్విత్వంతో గొంతు తెగినట్టు ఆగుతుంది. ఆంగ్లంలోనూ సరిగ్గా ఈ తేడా ఉంది, సాధనాలే వేరు. ఒక్కసారి జరిగేదానికి హ్రస్వమైన అచ్చు, దాని వెనక ప, ట, క లాంటి శ్వాస స్పర్శం, అంటే గొంతు అదరకుండా గాలిని టక్కున ఆపి పలికే హల్లు: 'ఫ్లిప్', 'స్నాప్', 'హాప్', 'కిక్', 'ఫ్లిక్', 'హిట్', 'ట్యాప్'. పదేపదే జరిగేదానికి చివర 'ఎల్' గానీ 'అర్' గానీ. పాత ఆంగ్లం నుంచీ ఈ రెండు ప్రత్యయాలూ పౌనఃపున్యాన్ని చెబుతున్నాయి. 'క్రాక్' ఒక్కసారి పగలడం, 'క్రాకిల్' చిటపటలాడటం. 'ట్రాంప్' గట్టిగా అడుగేయడం, 'ట్రాంపిల్' తొక్కేస్తూ పోవడం. 'ప్యాట్' మెల్లగా తట్టడం, 'ప్యాటర్' చినుకులు టపటపా పడటం. 'ఫ్లోట్' తేలడం, అదే మూలం నుంచి వచ్చిన 'ఫ్లటర్' ఆగకుండా కొట్టుకోవడం. 'వేడ్' నీళ్లలో నడవడం, 'వాడిల్' బాతులా అటూ ఇటూ ఊగుతూ నడవడం. పట్టికలన్నీ మాట మొదటి అక్షరాల మీదే పడతాయి. మా లెక్క ప్రకారం నేర్చుకునేవాడికి అన్నిటికన్నా నమ్మదగ్గ ఆధారం ఈ చివరి ముక్క. ఎందుకంటే ఇది కేవలం ధ్వని ఊహ కాదు, ఒకప్పుడు నిజంగా ప్రత్యయం. కదలికను చెప్పే తెలియని క్రియ చివర 'ఎల్' వినిపిస్తే, అది ఒక్క విదిలింపు కాదు, చిన్న చిన్న కదలికలు వరసగా జరుగుతున్నాయని అనుకుంటే చాలాసార్లు తప్పు పోదు. 'రిగుల్', 'వాబుల్', 'డ్రిబుల్', 'స్కటిల్', 'హాబుల్', 'జిగుల్' అన్నీ అలాంటివే. ఇది నామవాచకాలకు పనికిరాదు. 'టేబుల్', 'బాటిల్' ఎక్కడికీ కదలవు.

మొదటి ముక్కల దగ్గరకు వస్తే, ఇక్కడ నోరు ఏం చేస్తుందో చూడాలి. 'స్వ' పలకడానికి ముందు స తో గాలి సన్నగా బయటికి వస్తుంది, తర్వాత పెదాలు సున్నాలా చుట్టుకుని వెంటనే విచ్చుకుంటాయి. 'స్వే', 'స్వింగ్', 'స్వర్వ్', 'స్వీప్', 'స్విర్ల్', 'స్వివెల్' అన్నింటా ఒంపు తిరిగే కదలికే. 'స్ల' లో గాలి నాలుక పక్కల నుంచి అడ్డు లేకుండా జారిపోతుంది: 'స్లిప్', 'స్లైడ్', 'స్లిదర్', 'స్లెడ్', 'స్లింక్'. ఈ చివరిది ఎవరి కంటా పడకుండా జారుకోవడం. 'స్క' తో చిన్న జీవుల హడావిడి పరుగులు: 'స్కరీ', 'స్కటిల్', 'స్కాంపర్', 'స్కూట్', 'స్కిటర్', 'స్కిప్'. 'ట్ర' తో కాలినడక: 'ట్రెడ్', 'ట్రాట్', 'ట్రడ్జ్', 'ట్రాంప్', 'ట్రెక్', 'ట్రూప్'. చివరి గుంపు మాకు ప్రత్యేకంగా ఇష్టం, ఎందుకంటే అవన్నీ ఒక మూలం నుంచి వచ్చినవి కావు. 'ట్రెడ్' పాత ఆంగ్లం సొంతం. 'ట్రాట్' పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. 'ట్రెక్' దక్షిణాఫ్రికా డచ్చివాళ్ల నుంచి పంతొమ్మిదో శతాబ్దంలో చేరింది, మూలంలో దాని అర్థం లాగడం. ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఒకే వీధిలో కాపురం పెట్టాయన్నమాట. ఆంగ్లం తన దగ్గరున్న మాటల పోలికను బట్టి కొత్తవాటిని నిలుపుకుంటుందనడానికి ఇలాంటివే ఆధారం.

మీ పట్టికల్లో ఇచ్చే కారణం ఇక్కడే చిక్కులో పడుతుంది. 'ఎఫ్ పలికేటప్పుడు గాలి ఊదుతాం, అందుకే ఎగిరే మాటలన్నీ ఎఫ్‌ఎల్‌తో మొదలవుతాయి' అని రాస్తున్నారు. 'ఫ్లో', 'ఫ్లోట్', 'ఫ్లడ్', 'ఫ్లీట్', 'ఫ్లై' మాటల చరిత్ర చూస్తే ఈ కారణం నిలవదు. అవి సంస్కృతానికీ ఆంగ్లానికీ ఉమ్మడి పూర్వభాష అయిన ఇండో యూరోపియన్ మూలభాషలో 'ప్ల' తో ఉన్న ఒక ధాతువు సంతానం. పాత 'ప' ఆంగ్లం, జర్మన్ లాంటి జర్మానిక్ భాషల్లో 'ఫ' గా మారింది. అదే ధాతువు సంస్కృతంలో 'ప్లు' గా ఉండిపోయింది. తేలడం, ఈదడం, దూకడం దాని అర్థాలు. మనం రోజూ వాడే విప్లవం, పద్యాల్లో కోతికి వాడే ప్లవంగం దాని నుంచి వచ్చినవే. అంటే 'ఫ్లోట్' లో ఊదే గాలి తర్వాత వచ్చి చేరింది. తేలే అర్థం దానికంటే ముందే ఉంది. ఇక 'ఫ్లీ', పారిపోవడం, మొదట 'ఫ్ల' మాటే కాదు. ఆంగ్లానికి చుట్టమైన ప్రాచీన గోతిక్ భాషలో అది 'థ్లియుహాన్'. పాత 'థ్ల' కాస్తా ఆంగ్లంలో 'ఫ్ల' తో కలిసిపోయింది. అలా వేరే ఇంటి మాట వచ్చి ఈ గుంపులో చేరింది. ఇలా చరిత్ర యాదృచ్ఛికంగా పోగుచేసిన గుంపు ఒక స్థాయికి పెరిగాక, జనం చెవికి 'ఫ్ల' అంటే తేలిక కదలిక అనే అలవాటు ఏర్పడింది. ఆ తర్వాత పుట్టినవి ఆ అలవాటులోకే పుట్టాయి: 'ఫ్ల్యాప్', 'ఫ్లిప్', 'ఫ్లిక్' లాంటివి. 'ఫ్లౌండర్', తడబడుతూ కొట్టుకోవడం, బహుశా 'ఫౌండర్' అనే పాత మాట ఈ గుంపు ప్రభావంతో మారినదే. 'ప్లాష్' అనే పాత మాటకు ముందు స తగిలి 'స్ప్లాష్' అయింది. 'హరీ' ని జంటగా పలుకుతూ 'హరీ-స్కరీ' అంటే, అందులోంచి 'స్కరీ' విడిపడి సొంతంగా బతుకుతోంది.

డబ్ల్యూ, ఆర్‌తో మొదలయ్యేవాటి సంగతి ఇంకా విడ్డూరం. 'రింగ్' అంటే పిండటం, 'రెంచ్' అంటే మెలితిప్పి లాగడం, 'రైద్' అంటే బాధతో మెలికలు తిరగడం, 'రెస్ట్' అంటే మెలిపెట్టి లాక్కోవడం, 'రిస్ట్' అంటే తిరిగే మణికట్టు. అన్నింటా మెలిక ఉంది, అన్నింటా ముందు డబ్ల్యూ ఉంది, కానీ ఈనాడు ఆ డబ్ల్యూను ఎవరూ పలకరు. పలకని ధ్వని చెవికి ఏమీ సూచించదు. ఈ గుంపు కంటికి మాత్రమే మిగిలింది. మూలధాతువు ఒకటి కావడం వల్ల వచ్చిన పోలిక ఇది. స్పెల్లింగ్ గుర్తుపెట్టుకోవడానికి దీన్ని నిక్షేపంగా వాడుకోవచ్చు. ధ్వని ప్రభావానికి ఉదాహరణగా మాత్రం చూపకూడదు. అలాగే 'వర్ల్', 'స్విర్ల్', 'ట్వర్ల్', 'కర్ల్' లో సుడి తిరగడానికి నాలుకను మడిచే 'ర' కారణమని రాసినవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లో ఎక్కువమంది ఆ 'ర' ను పలకనే పలకరు. అయినా వాళ్లకూ ఆ మాటల్లో సుడి వినిపిస్తూనే ఉంది. ఆ ప్రాసలోనే 'గర్ల్', 'పెర్ల్', 'ఎర్ల్' ఉన్నాయన్నది మరువరాదు.

నిజంగా నోటి నిర్మాణంతో ముడిపడ్డ సంగతి అచ్చుల్లో ఉంది. 'ఫ్లిప్', 'ఫ్ల్యాప్', 'ఫ్లాప్' మూడూ ఒక వరస. మొదటిది వేలితో తిప్పేసేంత చిన్నది, రెండోది రెక్క కొట్టుకునేంత, మూడోది మంచం మీద దభాలున పడేంత. 'విగుల్', 'వ్యాగుల్', 'వాబుల్' కూడా అంతే. 'ఇ' కి నాలుక ముందుకు, పైకి లేస్తుంది. దాని ముందు మిగిలే ఖాళీ చిన్నది, అందుకే ధ్వని సన్నగా, పదునుగా ఉంటుంది. నాలుక వెనక్కి, కిందికి దిగేకొద్దీ ఆ ఖాళీ పెరుగుతుంది. పీటర్సన్, బార్నీ అనే పరిశోధకులు 1952లో 76 మంది అమెరికన్ల మాటలను కొలిచినప్పుడు, మగవాళ్ల సగటు రెండో ఫార్మంట్ (నోటి ఖాళీ బలంగా మోగించే స్థాయిల్లో రెండోది; అంకె పెద్దదైతే ధ్వని సన్నన) 'ఫ్లిప్' లోని అచ్చుకు 1990 హెర్ట్జ్, 'ఫ్ల్యాప్' లోని అచ్చుకు 1720, 'ఫ్లాప్' లోని అచ్చుకు 1090 వచ్చాయి. చిన్న వస్తువు సన్నని ధ్వని, పెద్ద వస్తువు బొంగురు ధ్వని చేయడం అందరికీ అనుభవమే కనుక, ఈ మెట్ల వరస ఆంగ్లం రాని చెవికి కూడా పడుతుంది. జంటమాటల్లో సైతం సన్న అచ్చే ముందుంటుంది: 'జిగ్‌జాగ్', 'పింగ్‌పాంగ్', 'క్రిస్‌క్రాస్', 'ఫ్లిప్‌ఫ్లాప్'. తిరగేసి ఎవరూ అనరు. ఇక్కడా తలబిరుసు మాటలున్నాయి. 'బిగ్' లో ఉన్నది సన్న అచ్చే. అర్థం పెద్ద అని. ఒక మాట వల్ల మొగ్గు అబద్ధం కాదు, సూత్రమైతే మాత్రం అబద్ధమే.

'స్లిప్' కూ 'స్లైడ్' కూ ఉన్న తేడాను తరగతిలో చెప్పి చూడండి, విషయం చప్పున అందుతుంది. మొదలు ఒకటే, జారడమే. 'స్లిప్' హ్రస్వం, 'ప' తో టక్కున మూసుకుంటుంది. కాలు జారడం, అనుకోకుండా, క్షణంలో. 'స్లైడ్' దీర్ఘం, గొంతు అదిరే నాద స్పర్శమైన 'డ' తో మెల్లగా ముగుస్తుంది. జారుడుబల్ల మీద జారినట్టు కొంతసేపు సాగుతుంది. ఆంగ్లంలో ప, ట, క ల ముందు అచ్చు, బ, డ, గ ల ముందున్న అదే అచ్చులో దాదాపు మూడింట రెండు వంతుల నిడివే ఉంటుంది. కనుక ఈ తేడా స్పెల్లింగ్‌లో కనబడేదానికన్నా చెవికి ఎక్కువగా వినిపిస్తుంది.

ఉచ్చారణలో తెలుగువాళ్లకు ఈ సూచనలన్నీ జారిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. డబ్ల్యూనూ వి నీ ఒకే 'వ' గా, కింది పెదవిని పైపళ్లకు తాకించి పలుకుతాం. అప్పుడు 'స్వింగ్' లో ఒంపు పోతుంది. 'ఊ' అన్నప్పటిలా పెదాలు చుట్టి, ఆగకుండా తర్వాతి అచ్చులోకి విడవాలి, పళ్లు తాకకూడదు. ఎఫ్‌ను 'ఫ' ఒత్తుగా, పెదాలు రెండూ కలిపి పలికితే 'ఫ్లిక్' కాస్తా 'ప్లిక్' కు దగ్గరవుతుంది. ఇక్కడ పళ్లు తాకాల్సిందే. 'స్కిప్' ను 'ఇస్కిప్' అంటే ఒక దెబ్బ రెండు అక్షరాలుగా చీలిపోతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు చివర్లో 'ఉ' చేర్చడం. 'స్నాప్' ను 'స్నాపు' అన్నామంటే తెగాల్సిన చోట మాట సాగింది, ఆ మాట చేసే పని పోయింది. చివరి 'ప' దగ్గర పెదాలు మూసి, గాలిని వదలకుండా అక్కడే ఆపడం సాధన చేస్తే సరిపోతుంది. తెలుగు లిపితో వచ్చే చిక్కు ఒకటి అదనం: పైన చెప్పిన 'ఫ్ల్యాప్', 'ఫ్లాప్' రెండింటినీ మనం తరచు 'ఫ్లాప్' అనే రాస్తాం. 'య' వత్తు లేకుండా అచ్చువేస్తే సినిమా ఫ్లాపూ, రెక్క కొట్టుకోవడమూ ఒకటైపోతాయి. ఉప సంపాదకులు గమనించగలరు.

ఏ గుంపు నిజం, ఏది ఊహ అని తేల్చుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఒక మధ్యస్థ నిఘంటువు తీసుకుని, అనుమానం ఉన్న గుంపుతో మొదలయ్యే మాటలన్నీ రాయాలి. 'స్వింగ్', 'స్వింగర్', 'స్వింగింగ్' ఒకటిగానే లెక్క. సమాసాలు తీసేయాలి. ప్రతి మాటకూ మొదటి, వాచ్యార్థాన్నే చూడాలి. అలంకారార్థాలను రానిస్తే ఏ మాటనైనా కదిలించవచ్చు. ఇద్దరు విడివిడిగా, ఒకరి జాబితా ఒకరు చూడకుండా 'కదలిక', 'కాదు' అని గుర్తుపెట్టి తర్వాత పోల్చాలి. ఒక్కరే చేస్తే కోరుకున్నదే దొరుకుతుంది. పక్కన పోలికకు అనుమానం లేని ఇంకో గుంపును ఇలాగే లెక్కించాలి. 'బ్ల' పనికొస్తుంది. 'ప్ల' పనికిరాదు, అందులో 'ప్లంజ్', 'ప్లమెట్', 'ప్లాప్', 'ప్లాడ్' ఉన్నాయి. రెండు ప్రశ్నలను కలిపేయకూడదు కూడా. 'స్ల' మాటల్లో ఎన్ని జారేవి అన్నది ఒకటి, జారే మాటల్లో ఎన్ని 'స్ల' వి అన్నది వేరొకటి. తిరగడం చెప్పే 'టర్న్', 'స్పిన్', 'రోల్', 'రొటేట్' వేటిలోనూ 'ఇర్ల్' లేదు కదా. పట్టికలు మొదటి ప్రశ్నకు జవాబిచ్చి, రెండోదానికి ఇచ్చినట్టు మాట్లాడతాయి.

రెండో పరీక్ష లేని మాటలతో. ఆంగ్లంలో లేని మాటలను, ఒక్క గుంపే తేడాగా, జతలు కట్టాలి: 'స్లెమ్', 'ట్వెమ్', 'స్లెగ్', 'ట్వెగ్', 'స్లౌబ్', 'ట్వౌబ్'. ఇలాంటివి 20 జతలు. ఒక్కో జతకు 'ఏది జారడం, ఏది మెలితిరగడం' అని అడగాలి. గుడ్డిగా చెప్పినా సగం కలుస్తాయి కనుక 10 వస్తే ఏమీ లేనట్టే. 14 వచ్చినా ఆనందపడకూడదు. ఊరికే చెప్పినా అన్నో అంతకన్నా ఎక్కువో కలిసే అవకాశం నూటికి 6 దాకా ఉంది. 15 గానీ ఎక్కువ గానీ వస్తే ఆ అవకాశం నూటికి 2 కు దిగుతుంది, అప్పుడు పట్టించుకోవచ్చు. సగం జతల్లో వరస తిప్పాలి. మధ్యలో సంబంధం లేని జతలు కలపకపోతే, నాలుగోదానికల్లా వినేవాడు ఆట కనిపెట్టేస్తాడు. మాటలను ముందే ఒకే స్వరంలో రికార్డు చేసి వినిపించాలి. ఎదురుగా నిలబడి చదివేవాళ్లు తెలియకుండానే 'స్ల' ను సాగదీస్తారు, చెయ్యి కూడా కలుపుతారు; అప్పుడు తేలేది ధ్వని సంగతి కాదు, వాళ్ల అభినయం. రాసి చూపడం కన్నా వినిపించడం మేలు. ఇంత జాగ్రత్తపడ్డా ఒక మెలిక మిగులుతుంది. ఆంగ్లం వచ్చినవాడికి 'స్లెమ్' వినగానే 'స్లిప్', 'స్లైడ్' గుర్తొస్తాయి. అది ధ్వని స్వభావమా, పాత మాటల అలవాటా అన్నది ఈ పరీక్ష చెప్పదు. అది తేలాలంటే ఆంగ్లం బొత్తిగా రానివాళ్లతో మళ్లీ చేయాలి.

అలవాటు బలం తక్కువదేమీ కాదు. భాషాశాస్త్రవేత్త బెంజమిన్ బెర్గెన్ 2004లో ప్రచురించిన ప్రయోగంలో, ఫోనెస్తీమ్‌ను పంచుకున్న మాటల జంటలో ఒకదాన్ని చూశాక రెండోదాన్ని జనం వేగంగా గుర్తుపట్టారు. కేవలం అర్థం కలిసిన జంటలకూ, కేవలం ధ్వని కలిసిన జంటలకూ అంత లాభం కనబడలేదు. ఇంకోవైపు, 2008లో ఇమాయి, కితా అనే పరిశోధకుల బృందం నడక తీరును చెప్పే కొత్త మాటలను, అనుకరణ లక్షణంతో కల్పించి మూడేళ్ల జపాన్ పిల్లలకు నేర్పితే, ధ్వనికీ నడకకూ పొత్తు ఉన్నప్పుడు పిల్లలు ఆ క్రియను కొత్త మనిషి నడకకు కూడా సరిగ్గా వర్తింపజేశారు. తర్వాత 2011లో అదే తరహా మాటలు జపనీస్ తెలియని ఆంగ్ల పిల్లలకూ సాయపడ్డాయి. అంటే రెండూ ఉన్నాయి: కొంత అందరి చెవికీ పట్టేది, కొంత ఆ భాషలో పెరిగితేనే పట్టేది. 'ఇ', 'ఆ' ల మెట్లు, టక్కున ఆగే చివరి హల్లు మొదటి రకానికి దగ్గర. 'ట్ర' అంటే కాలినడక అన్నది నికార్సైన రెండో రకం.

అనువాదం చేసేవాళ్లకు ఇందులో రోజువారీ పని ఉంది. 'స్టంబుల్', 'స్టాగర్', 'టాటర్' మూడింటికీ 'తూలాడు' అని వేసేస్తున్నారు. మొదటిది కాలికి ఏదో తగిలి పడబోవడం, రెండోది దెబ్బకో మత్తుకో అటూ ఇటూ తూలుతూ సాగడం, మూడోది నిలదొక్కుకునే సత్తువ లేక వణుకుతూ తడబడటం. 'ట్రడ్జ్' అంటే కాళ్లీడ్చుకుంటూ నడవడం, 'షఫుల్' అంటే పాదం ఎత్తకుండా నేలకు రాస్తూ నడవడం, 'స్ట్రైడ్' అంటే పెద్ద పెద్ద అంగలు వేయడం. వీటన్నిటినీ 'నడిచాడు' తో సరిపెట్టడం సోమరితనమే. ఆంగ్ల క్రియకు తెలుగు క్రియను వెతక్కుండా, అనుకరణ పదాన్నో 'తూ' తో సాగే క్రియనో వెతికితే తెలుగులో లేనిదంటూ దాదాపు ఉండదు.

మీ శీర్షికకు మా సూచన ఇదీ. గుంపును పట్టికగా ఇచ్చేటప్పుడు మూడో గడి ఒకటి కలపండి; అందులో ఆ గుంపుకు లొంగని తరచు మాటలు మూడైనా వేయండి. 'స్ల' పక్కన 'స్లీప్', 'స్లేవ్', 'స్లేట్'. 'ఫ్ల' పక్కన 'ఫ్లోర్', 'ఫ్లెష్', 'ఫ్లూట్'. 'స్వ' పక్కన 'స్వీట్', 'స్వోర్డ్', 'స్వాన్'. 'స్క' పక్కన 'స్కై', 'స్కిన్', 'స్కూల్'. 'స్వోర్డ్' లో డబ్ల్యూ పలకదని పక్కనే ఒక ముక్క రాయండి. 'తెలియని మాటకు అర్థం ఊహించవచ్చు' అన్న వాక్యం తీసేసి, 'వాక్యంలో సందర్భం కదలికను చెబుతుంటే, ఆ కదలిక ఏ తీరుదో ధ్వని సూచించవచ్చు' అని వేయండి. ముందు సందర్భం, తర్వాతే ధ్వని. ప్రతి జాబితాలో కనీసం ఒక జత, 'స్లిప్', 'స్లైడ్' లాంటిది, మొదలు ఒకటై చివర వేరైనది ఉండేట్టు చూడండి. డబ్ల్యూ, ఆర్ గుంపును మాత్రం అక్షరదోషాల పాఠంలోకి మార్చండి.

ఇట్లు,
ఆంగ్ల ధ్వనిశాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు